గేర్ సైకిల్ మీద కూర్చుని పాత సైకిల్ తొక్కుతున్నాం

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకైనా దిగి చూడండి, కార్ల వెనకాలో, జనరేటర్ పక్కనో, మెట్ల కిందో రెండు మూడు గేర్ సైకిళ్లు గోడకి ఆనించి పడుంటాయి. టైర్లలో గాలుండదు, సీటు మీద పావురాల రెట్ట, హ్యాండిల్‌కి ఎవరో గొడుగు తగిలించి మర్చిపోయి ఉంటారు. ఓనర్ని అడిగితే టైమ్ దొరకట్లేదండీ అంటారు, లేదంటే మోకాళ్లు నొప్పులొచ్చినయ్ మానేశా అంటారు. రెండూ నిజమే కావచ్చు, కానీ ఆ సైకిల్ దగ్గర రెండు నిమిషాలు వంగి చూస్తే అసలు సంగతి అదే చెప్తది. గొలుసు ముందు పెద్ద పళ్ల చక్రం మీద, వెనక అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రం మీద ఆగిపోయి ఉంటది, అంటే హ్యాండిల్ మీద గేర్లు మార్చే షిఫ్టర్లలో ఎడమది 3 మీద, కుడిది 7 మీద. సీటు ఫ్రేమ్‌కి దాదాపు అంటుకుని ఉంటది. గొలుసు తుప్పు పట్టి ఉంటది. వెనక బ్రేకు రబ్బర్లు అరిగి లోపలి ఇనుము కనిపిస్తుంటది, ముందువి మాత్రం కొన్నప్పటిలాగే నిగనిగలాడుతుంటాయి.

ఈ నాలుగూ వేర్వేరు తప్పుల్లా కనిపిస్తాయి గానీ నాలుగూ ఒక్క చోట నుంచే వచ్చినయ్, అది మన ఇళ్లల్లో తాతల కాలం నుంచీ ఉన్న నల్ల సైకిల్. పాలవాళ్లు, పేపర్ వేసేవాళ్లు, పోస్ట్‌మ్యాన్లు తొక్కిన సైకిల్, పిల్లలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కైంచి తొక్కి నేర్చుకున్న సైకిల్. దానికి ఆ అలవాట్లన్నీ సరిగ్గా సరిపోయినయ్. గేరు ఒకటే కాబట్టి మార్చేదేం లేదు, ఎత్తొస్తే లేచి నిలబడి తొక్కాలి, ఇంకా ఎత్తైతే దిగి తోసుకుంటూ పోవాలి. క్యారియర్ మీద బియ్యం బస్తానో, డబుల్స్ ఎక్కిన తమ్ముడో ఉంటాడు కాబట్టి ఆగినప్పుడల్లా రెండు కాళ్లూ నేలకి ఆనాలి, అందుకని సీటు కిందికి. గొలుసు మీద మొత్తం కవర్ ఉంటది, దుమ్ము లోపలికి పోదు, ఏడాదికోసారి ఓవరాయిలింగ్ చేయిస్తే సరిపోయేది. ఆ సైకిల్ పోయి గేర్ సైకిల్ వచ్చింది, అలవాట్లు మాత్రం అవే ఉన్నాయి. కొత్త సైకిల్ చెడిపోవడానికి, ఒళ్లు నొప్పులకి, చాలా వరకు పడిపోవడాలకి కూడా కారణం ఈ తేడానే.

ముందు గేర్ల సంగతి, ఎందుకంటే అసలు గందరగోళం అంతా ఇక్కడే ఉంది. గేరంటే స్పీడు అనుకుంటారు జనం, బైక్ నడిపే అలవాటు వల్ల టాప్ గేర్‌లో పెడితేనే సైకిల్ బాగా పోతున్నట్టు లెక్క. లెక్కే చూద్దాం మరి. ముందు 42, 34, 24 పళ్ల చక్రాలు మూడు, వెనక 14 నుంచి 28 పళ్ల దాకా ఏడు, ఇది మన దగ్గర దొరికే మామూలు 21 స్పీడ్ సైకిళ్లలో బాగా కనిపించే సెట్టు. 26 అంగుళాల చక్రం, 1.95 అంగుళాల లావు టైరు అయితే చక్రం ఒక చుట్టు తిరిగితే దాదాపు 2.05 మీటర్లు పోతది. 42కి 14 వేస్తే పెడల్ ఒక చుట్టుకి చక్రం మూడు చుట్లు, అంటే 6 మీటర్ల పైన. 24కి 28 వేస్తే చక్రం ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగదు, ఒకటిం ముప్పావు మీటరు పోతది అంతే.

ఇప్పుడు ఇదే సైకిల్ టాంక్‌బండ్ మీద పొద్దున్నే వెళ్తోంది అనుకోండి, చదును రోడ్డు, 42-14లో నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 22 కిలోమీటర్లు, హాయిగా ఉంటది. అక్కడి నుంచి పంజాగుట్ట మీదుగా బంజారాహిల్స్ ఎక్కడం మొదలుపెడితే స్పీడు ఎట్లాగూ 10కి పడిపోతది, అది ఎవరికైనా అంతే. ఆ 10 కిలోమీటర్ల స్పీడులో 42-14లోనే ఉంటే పెడల్స్ నిమిషానికి 27 చుట్లు తిరుగుతాయి. ముందు 24, వెనక 20 వేసుకుంటే అదే స్పీడుకి 68 చుట్లు. చేసే పని ఒకటే, ఎక్కే ఎత్తు ఒకటే, కానీ మొదటి దాంట్లో ఒక్కో తొక్కుకి మోకాలి మీద పడే బలం రెండో దానికంటే రెండున్నర రెట్లు. మోకాళ్లు నొప్పులొచ్చాయి అంటే ఆశ్చర్యం ఏముంది, సైకిల్ తొక్కడం వల్ల రాలేదు, 27 చుట్లతో తొక్కడం వల్ల వచ్చినయ్.

గేర్లు ఉన్నది స్పీడు కోసం కాదు, రోడ్డు ఎట్లా మారినా కాళ్ల వేగం మారకుండా ఉండడం కోసం. మామూలు మనిషికి నిమిషానికి 70 నుంచి 90 చుట్లు సుఖంగా ఉంటది, కొత్తలో 60 దగ్గర మొదలైనా పర్లేదు. మొదట్లో ఇది ఊరికే గాల్లో కాళ్లు ఆడించినట్టు అనిపిస్తది, బలం పెట్టట్లేదు కదా ఇది ఎక్సర్‌సైజ్ ఎట్లా అవుతది అనే డౌటు కూడా వస్తది. రెండు వారాలు ఓపిక పట్టాలి అంతే, తర్వాత ఊపిరి ఆడుతది, తొడలు బిగుసుకుపోవు. మన ఊరు చదును కాదు కదా, దక్కన్ పీఠభూమి మీద గ్రానైట్ గుట్టల మధ్య కట్టిన ఊరు, ఖాజాగూడ గుట్ట దగ్గరో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వైపో పది నిమిషాల్లో మూడు సార్లు ఎక్కి దిగుతాం. ఒక్క గేరుకి ఇది అసలు పనికొచ్చే ఊరే కాదు.

ఒక్క గేరుతో మన పెద్దవాళ్లు తొక్కలేదా అనే వాదన ఉంది చూడండి, అది ఇక్కడ పుట్టింది కూడా కాదు. ఫ్రాన్స్‌లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు పెట్టిన హెన్రీ డెగ్రాంజ్ గేర్లు మార్చే మెషిన్ని ఏళ్ల తరబడి రేసులోకి రానివ్వలేదు, కండబలం ఉన్నోడే గెలవాలని ఆయన పట్టు. సెయింట్ ఎటియెన్ ఊళ్లో పాల్ డి వివీ అనే ఆయన మాత్రం మామూలు మనిషి కొండలెక్కాలంటే గేర్లు కావాలని చివరిదాకా వాదించాడు. చివరికి 1937లో టూర్‌లో డీరెయిలర్‌కి, అంటే గొలుసుని ఒక పళ్ల చక్రం మీంచి ఇంకో దాని మీదికి జరిపే ఆ మెషిన్‌కి, పర్మిషన్ వచ్చింది. ప్రపంచంలో కెల్లా బలమైన కాళ్లు ఉన్నోళ్లు 1937లోనే వదిలేసిన పట్టుదలని మనం ఇంకా హైటెక్ సిటీ ఫ్లైఓవర్ మీద చూపిస్తున్నాం.

21 గేర్లు అనేది కూడా సగం అమ్మకం మాటే. లెక్కేసి చూస్తే 42కి 28 వేసినా, 24కి 16 వేసినా ఒకటే, రెండూ సరిగ్గా ఒకటిన్నర. 42కి 24, 34కి 20, 24కి 14 ఈ మూడూ కూడా దాదాపు ఒకటే. ఇట్లాంటివి తీసేస్తే నిజంగా తేడా తెలిసే గేర్లు 12, 13 మిగుల్తాయి. అందుకే కొత్తగా వచ్చే సైకిళ్లలో ముందు ఒకే చక్రం పెట్టి వెనక 9, 10 ఇస్తుంటే తక్కువ గేర్లు అని మొహం చిట్లించక్కర్లేదు. ఉన్న 21ని వాడడం తేలిక, ముందు మధ్య చక్రం మీద పెట్టి వెనక ఏడూ వాడుకుంటూ పోవాలి, నగరంలో తొంభై పాళ్లు దాంతోనే అయిపోతది. బాగా ఎత్తొస్తే ముందు చిన్నది, పొడుగు దిగుడు అయితే ముందు పెద్దది. ముందు పెద్దది వెనక కూడా పెద్దది, లేదా ముందు చిన్నది వెనక చిన్నది, ఈ రెండు మూలలకి మాత్రం పోవద్దు, గొలుసు ఏటవాలుగా లాగబడి గరగరమంటది, పళ్లు తొందరగా అరుగుతాయి, ఆ గేరు ఎట్లాగూ ఇంకో చోట దొరుకుతది.

గేరు మార్చడంలో రెండు విషయాలు సేఫ్టీకి నేరుగా తగుల్తాయి. ఒకటి, డీరెయిలర్ పెడల్ తిరుగుతుంటేనే పనిచేస్తది. సిగ్నల్ దగ్గర 3-7లో ఆగిపోయారనుకోండి, ఇంక మార్చలేరు, పచ్చ పడగానే వెనక హారన్లు, ముందు పెడల్ కదలదు, నిలబడి బలమంతా పెడితే సైకిల్ అటూ ఇటూ ఊగుతది, సరిగ్గా అప్పుడే పక్క నుంచి ఆటో దూరతది. ఎర్ర లైటు కనపడగానే తొక్కుతూ రెండు మూడు గేర్లు తగ్గించుకుని ఆగాలి, ఇది అలవాటైతే సగం భయం పోతది. రెండోది, ఎత్తు మధ్యలో బలమంతా పెట్టి తొక్కుతూ ముందు గేరు మార్చకూడదు. గొలుసు ఎక్కదు, లేదా జారి పడిపోతది, ఒక్కోసారి తెగుతది కూడా, ఒళ్లంతా పెడల్ మీద వేసి ఉన్నప్పుడు గొలుసు తెగితే మనిషి వెళ్లి కడ్డీ మీద పడతాడు, ఎక్కడ తగులుతదో విడమర్చి చెప్పక్కర్లేదు. ఎత్తు మొదలయ్యే ముందే మార్చుకోవాలి, మధ్యలో తప్పదనుకుంటే ఒక అర చుట్టు కాలు తేలిక చేసి అప్పుడు నొక్కాలి.

సీటు విషయానికొస్తే ఇది చెప్తే ఎవరూ నమ్మరు. సరైన ఎత్తులో సీటు పెట్టి చూపిస్తే కాళ్లు అందట్లేదు కదండీ, పడిపోతాను అంటారు. సీటు మీద కూర్చుని రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనుతున్నాయంటే ఆ సీటు కచ్చితంగా తక్కువ ఎత్తులో ఉన్నట్టే. చూసుకునే పద్ధతి చాలా సులువు, గోడ పట్టుకుని సీటెక్కి పెడల్‌ని పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టాలి, కాలు నిటారుగా రావాలి. అప్పుడు తొక్కేటప్పుడు పెట్టాల్సినట్టు పాదం ముందు భాగం పెడితే మోకాలు కొంచెం వంగి ఉంటది, అదే కావాల్సింది. ఇంకా కచ్చితంగా కావాలంటే చెప్పుల్లేకుండా గోడకి ఆని నిలబడి, కాళ్ల మధ్య లావు పుస్తకం ఒకటి పైకి గట్టిగా నొక్కి, నేల నుంచి దాని పై అంచు దాకా కొలవాలి, దాన్ని 0.883తో గుణిస్తే క్రాంక్, అంటే పెడల్ బిగించే కడ్డీ, తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా ఉండాల్సిన దూరం వస్తది. 78 సెంటీమీటర్లు వచ్చినోళ్లకి దాదాపు 69. ఇది రాతి మీద గీత కాదు, సెంటీమీటరు అటూ ఇటూ ఒంటికి తగ్గట్టు జరుపుకోవచ్చు.

నొప్పి ఎక్కడ వస్తోందో చూస్తే కూడా తెలుస్తది. మోకాలి చిప్ప ముందు వైపు నొప్పి అయితే సీటు కిందికున్నట్టు, మోకాలి వెనక వైపు లాగుతుంటే సీటు మరీ పైకున్నట్టు, వెనక నుంచి ఎవరైనా చూసి నడుము అటూ ఇటూ ఊగుతోంది అంటే అది కూడా పైకున్నట్టే. అరచేతులు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంటే సీటు ముందుకి వాలి ఉండొచ్చు, లేదా హ్యాండిల్ మరీ దూరంగా ఉండొచ్చు, ఒంటి బరువంతా చేతుల మీద పడుతోందన్నమాట. సీటు నేలకి సమాంతరంగా పెట్టి మొదలుపెట్టాలి. ఒక్కసారి ఒక్కటే మార్చాలి, అది కూడా కొంచెం కొంచెంగా, ఒకేరోజు సీటు పైకి, హ్యాండిల్ కిందికి, ముందుకి వెనక్కి అన్నీ మార్చేస్తే దేనివల్ల బాగైందో దేనివల్ల చెడిందో ఎవరికీ అర్థం కాదు. సీటు రాడ్డు మీద ఇంతకన్నా పైకి లాగొద్దని గీత ఉంటది, ఆ గీత బయటికి కనపడకూడదు. అది కనపడేదాకా లాగాల్సి వస్తోందంటే సైకిలే చిన్నది, వేరే ఫ్రేమ్ కావాలి.

మరి కాళ్లు అందకపోతే ఆగేదెట్లా? సీటు మీద కూర్చునే ఆగాలనేది కూడా పాత సైకిల్ అలవాటే. బ్రేకు వేస్తూ ఒక పెడల్ కిందికి తెచ్చి దాని మీద నిలబడి, సీటు మీంచి ముందుకి జరిగి, ఆగేటప్పటికి ఎడమ కాలు నేల మీద పెట్టాలి. మనం ఎడమ పక్కన పోతాం కాబట్టి ఎడమ కాలికి ఫుట్‌పాత్ అంచు దొరికితే ఇంకా సుఖం. బయల్దేరేటప్పుడు కుడి పెడల్‌ని కొంచెం ముందుకి, పైకి తెచ్చి పెట్టుకుని దాని మీద లేచి నిలబడితే సైకిల్ అదే కదుల్తది, అప్పుడు సీటెక్కాలి. ఖాళీ గ్రౌండ్‌లో ఒక్క సాయంత్రం ఇరవై సార్లు చేస్తే వచ్చేస్తది. నిలబడినప్పుడు కడ్డీకి, ఒంటికి మధ్య కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, సైకిల్ కొనేటప్పుడు చూడాల్సిన మొదటి సంగతి ఇదే, రంగు, డిస్క్ బ్రేకులు తర్వాత.

కొనడం అంటే గుర్తొచ్చింది, ఆన్‌లైన్‌లో తెప్పించే సైకిళ్లు 85 శాతం బిగించి వస్తాయి అని రాసి ఉంటది, ఆ మిగిలిన 15 శాతంలోనే ప్రాణం ఉంది. రోడ్డు మీద చూస్తే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వెనక్కి తిప్పి బిగించిన సైకిళ్లు చాలానే కనిపిస్తాయి, ముందు బ్రేకు ఫోర్కు వెనక పక్క, అంటే పెడల్స్ వైపు ఉంటది, ముందు చక్రం కాలికి తగులుతున్నంత దగ్గరగా ఉంటది, ఆ సైకిల్ వంపుల్లో తడబడతది. డిస్క్ బ్రేకు అయితే ముందు చక్రంలో అది రైడర్‌కి ఎడమ పక్క, ఫోర్కు వెనక వైపు రావాలి. ఇంకోటి పెడల్స్. కుడి పెడల్ మామూలు మరలాగే బిగుస్తది, ఎడమది ఉల్టా, అందుకే వాటి మీద ఎల్, ఆర్ అని గుర్తులుంటాయి. చూసుకోకుండా పానా పెట్టి బలవంతంగా తిప్పితే క్రాంక్ లోపల మర మొత్తం పోతది, వారం తర్వాత పెడల్ ఊడి చేతికొస్తది. చేత్తో నాలుగు చుట్లు తేలిగ్గా తిరిగితేనే పానా పట్టుకోవాలి.

పానా లేకుండా చక్రం ఊడదీసే క్విక్ రిలీజ్ లివర్ అయితే మరీ ప్రమాదం, ఎందుకంటే చూడ్డానికి చెవుల నట్టులా ఉంటది, జనం దాన్ని గుండ్రంగా తిప్పి బిగించేస్తారు. అది తిప్పేది కాదు, మూసేది. అవతలి పక్క నట్టుని చేత్తో తిప్పుతూ లివర్ మూస్తుంటే సగం దారిలో బిగుతు తగలాలి, పూర్తిగా మూసేటప్పటికి అరచేతిలో ముద్ర పడాలి. అంత బలం అక్కర్లేకుండా మూసుకుపోయిందంటే ముందు చక్రం ఏదో ఒక స్పీడ్ బ్రేకర్ మీద దాని దారి అది చూసుకుంటది.

ముందు బ్రేకు రబ్బర్లు కొత్తగా ఉండడం ఎందుకు ప్రమాదమో చాలామందికి తట్టదు. ముందు బ్రేకు వేస్తే తల్లకిందులైపోతాం అని పాత సైకిల్ నేర్చుకునే చిన్నప్పుడే భయపెట్టారు. బ్రేకు వేసిన క్షణం బరువంతా ముందు చక్రం మీదికి వస్తది, వెనక చక్రం తేలికైపోతది, అందుకే వెనక బ్రేకు ఎంత గట్టిగా పట్టినా చక్రం ఆగి జారుతది తప్ప సైకిల్ ఆగదు. ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. రెండూ కలిపి వేయాలి, ముందుది మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి, అదే టైంలో చేతులు నిటారుగా బిగించి నడుము వెనక్కి జరపాలి. తల్లకిందులు అయ్యేది ఒక్కసారిగా గుంజినప్పుడు, ఒళ్లు ముందుకి వదిలేసినప్పుడు. వంపు తిరిగేటప్పుడు, ఇసక మీద, తడిసిన మ్యాన్‌హోల్ మూత మీద మాత్రం ముందు బ్రేకు ముట్టుకోవద్దు, వంపుకి ముందే స్పీడు తగ్గించుకోవాలి. మన దగ్గర ఎక్కువ సైకిళ్లలో కుడి చేతి లివర్ ముందు బ్రేకు, కానీ కొత్త సైకిల్ ఎక్కినా, ఫ్రెండ్ సైకిల్ తీసుకున్నా తోసుకుంటూ వెళ్లి ఒక్కో లివర్ నొక్కి చూసుకోవాలి, కొన్ని ఉల్టా ఉంటాయి.

లివర్ పూర్తిగా నొక్కినా హ్యాండిల్‌కి రెండు వేళ్ల దూరంలో ఆగాలి. రబ్బర్లు రిమ్ముకి మాత్రమే తగలాలి, కొంచెం పైకున్నా టైరుని కోసేస్తాయి, సైకిల్ పోతుంటేనే ట్యూబు పేలుతది. డిస్క్ బ్రేకు ఉన్నోళ్లు గొలుసుకి స్ప్రే కొట్టేటప్పుడు జాగ్రత్త, డిస్క్ మీద ఒక్క చుక్క నూనె పడినా బ్రేకు కీచుమంటూ పట్టు వదిలేస్తది, వేలితో ముట్టుకున్నా చర్మం జిడ్డు అంటుకుంటది, పైగా దిగుడు దిగాక అది కాలి ఉంటది. హైడ్రాలిక్ డిస్క్ అయితే చక్రం ఊడదీసినప్పుడు లివర్ నొక్కొద్దు, ప్యాడ్లు లోపల అతుక్కుపోతాయి.

ఇక గొలుసు. పాత సైకిల్‌కి కవర్ ఉండేది, గేర్ సైకిల్‌కి ఉండదు, డీరెయిలర్ గొలుసుని అటూ ఇటూ జరపాలి కాబట్టి మూసిపెట్టడం కుదరదు. అంటే మన ఊరి దుమ్ము, మెట్రో పనులు, ఫ్లైఓవర్ పనులు, కొత్త అపార్ట్‌మెంట్ల సిమెంటు, అంతా దాని మీదే. ఇక్కడ రెండు రకాల మనుషులు ఉంటారు, అసలు నూనె వెయ్యనోళ్లు, ఇంజిన్ ఆయిల్‌లో ముంచి తేల్చేవాళ్లు. రెండోవాళ్లు ఎక్కువ చేటు చేస్తారు, పైన ఉన్న జిడ్డుకి దుమ్ము అంటుకుని గరుకు పేస్టు అయితది, అది లోపలికి దిగి పిన్నుల్ని రాపిడి చేసి తినేస్తది. నూనె కావాల్సింది గొలుసు బయట కాదు, ఒక్కో లింకు లోపల తిరిగే రోలర్ దగ్గర. పాత బట్టతో తుడిచి, మురికి ఎక్కువుంటే కిరోసిన్ లాంటిది వేసి బ్రష్‌తో రుద్ది, బాగా ఆరబెట్టి, ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క గొలుసు నూనె వేసి, పెడల్ వెనక్కి కొంచెంసేపు తిప్పి, పది నిమిషాలాగి, పైనున్నదంతా మళ్లీ తుడిచెయ్యాలి. వేసిన నూనెని తుడవడం ఏంటి అనిపిస్తది గానీ అసలు కిటుకు అదే. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే తుప్పు వదిలించడానికి, తేమ తీయడానికి బాగుంటది, కానీ అది గొలుసు నూనె బదులు కాదు, తొందరగా ఆరిపోతది. వానాకాలంలో తడిసి ఇంటికొస్తే ఆ రాత్రే తుడవాలి, తెల్లారేసరికి ఎర్రగా అయిపోతది.

గొలుసు సాగింది అంటారు మెకానిక్‌లు, నిజానికి ఇనుము సాగదు, ప్రతి పిన్ను దగ్గరా కొంచెం కొంచెం అరిగి మొత్తం పొడుగు పెరుగుతది. కొలవడానికి స్కేలు చాలు. కొత్త గొలుసులో ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకుల తర్వాతి పిన్ను మధ్య దాకా సరిగ్గా 12 అంగుళాలు. అది 1/16 అంగుళం ఎక్కువైతే గొలుసు మార్చే టైం వచ్చినట్టు, 1/8 అంగుళం దాటితే వెనక పళ్ల చక్రాలు కూడా దాంతోపాటు అరిగిపోయి ఉంటాయి, కొత్త గొలుసు ఒక్కటే వేస్తే పళ్ల మీద నుంచి ఎగిరి జారుతది. గొలుసు ఖర్చు చూసి వాయిదా వేస్తే చివరికి మొత్తం సెట్టు కొనాల్సి వస్తది.

గేర్లు సరిగ్గా పడట్లేదని షాపుకి పోతే కుర్రాడు స్క్రూడ్రైవర్ తీసుకుని డీరెయిలర్ మీద రెండు చిన్న స్క్రూలు తిప్పడం మొదలుపెడతాడు, పది సార్లలో ఎనిమిది సార్లు అవి ముట్టుకోవాల్సిన పనే లేదు. ఆ హెచ్, ఎల్ స్క్రూలు గేర్లు మార్చవు, డీరెయిలర్ ఎక్కడిదాకా పోవచ్చో హద్దు పెడతాయి అంతే. హెచ్ తప్పితే గొలుసు చిన్న చక్రం దాటి ఫ్రేమ్ వైపు పడతది, ఎల్ తప్పితే పెద్ద చక్రం దాటి చువ్వల్లోకి పోతది, అప్పుడు డీరెయిలర్, చువ్వలు అన్నీ ఒకేసారి పోతాయి, మనిషి కూడా పడతాడు. గేరు ఒక క్లిక్కుకి ఒక చక్రం జరగాలనే పద్ధతిని షిమానో కంపెనీ 1984 నుంచి బాగా వాడుకలోకి తెచ్చింది, దాని ప్రాణమంతా కేబుల్ బిగుతులో ఉంది. కొత్త కేబుల్ మొదటి నెలలో కొంచెం వదులవుతది, అప్పుడు గొలుసు పెద్ద చక్రం మీదికి ఎక్కడానికి మొండికేస్తది. కేబుల్ డీరెయిలర్‌లోకి దూరే చోట చేత్తో తిప్పే చిన్న పీపా లాంటిది ఉంటది, దాన్ని వెనక నుంచి చూస్తూ ఎడమ వైపుకి పావు చుట్టు, మళ్లీ తొక్కి చూడటం, ఇంకో పావు. అదే చిన్న చక్రం మీదికి దిగడానికి ఆలస్యమైతే కుడి వైపుకి. ఎంత తిప్పినా కుదరకపోతే డీరెయిలర్ తగిలించే హ్యాంగర్ వంగిందేమో చూడాలి, వెనక నుంచి చూస్తే డీరెయిలర్ కింది చక్రం పై చక్రానికి సరిగ్గా కింద ఉండాలి. సెల్లార్లలో ఇది వంగడానికి కారణం ఎవరో కారు తీయడానికి సైకిల్‌ని కుడి పక్కకి పడేయడమే, గొలుసు ఉన్న పక్క ఎప్పుడూ నేలకి తగలకూడదు.

టైర్లలో గాలి గురించి చెప్పాలంటే బొటనవేలితో నొక్కి చూడడం మానేస్తే చాలు. టైరు పక్కన ఎంత పట్టాలో పీఎస్ఐలో, అంటే గాలి ఒత్తిడి లెక్కలో, రాసి ఉంటది, లావు టైర్లకి 40 నుంచి 65 దాకా, సన్నటి 28 మిల్లీమీటర్ల టైర్లకి 80 పైన మామూలు. తక్కువుంటే గుంతలో పడినప్పుడు రిమ్ముకి నేలకి మధ్య ట్యూబు నలిగి పక్కపక్కన రెండు కాట్లు పడతాయి, పాము కరిచినట్టు. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో కొట్టిస్తే ఒక్క సెకనులో ఎక్కువైపోతది, ఇంట్లో మీటరున్న పంపు ఉంటే ఈ గొడవే లేదు. పంక్చర్ వేసుకున్నాక టైరు లోపల వేళ్లతో చుట్టూ తడమాలి, అనంతగిరి వైపు పోయేవాళ్లకి తుమ్మముల్లు, సర్వీస్ రోడ్ల మీద లారీ టైర్ల నుంచి ఊడిన సన్న ఇనప తీగ ముక్కలు, అది లోపలే ఉండిపోతే కొత్త ట్యూబు కూడా కిలోమీటరు పోదు.

రోడ్డు మీద ఎట్లా పోవాలనేది ఈ ఊర్లో ఒక పెద్ద సబ్జెక్టు. ఎడమ అంచుకి మరీ అతుక్కుని పోవడం సేఫ్ అనుకుంటారు, కానీ అక్కడే ఇసక, డ్రైనేజీ జాలీలు, తలుపులు తెరిచే కార్లు, ఎదురు వచ్చే రాంగ్ సైడ్ బైకులు. అంచు నుంచి ఒక మీటరు లోపలికి, నిటారుగా, పాములా వంకర్లు పోకుండా వెళ్తే వెనకోడికి మనం ఎటు పోతామో తెలుస్తది. ఫ్రీ లెఫ్ట్ ఉన్న జంక్షన్లలో నేరుగా పోవాలంటే ముందే వెనక్కి చూసి చెయ్యి చూపించి ఎడమకి తిరిగే వాళ్ల లైను నుంచి బయటికి రావాలి, లేకపోతే ఆర్టీసీ బస్సు మన ముందు నుంచే తిరుగుతది. ఆగి ఉన్న బస్సుకి ఎడమ పక్క నుంచి ఎప్పుడూ దూరొద్దు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికి, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లకే ఎంట్రీ లేదు, సైకిల్ మాట చెప్పేదేముంది. హెల్మెట్ సైకిల్‌కి చట్టంలో తప్పనిసరి కాదు కాబట్టి ఎవరూ అడగరు, అయినా పెట్టుకునేవాళ్లు నుదుటి మీదికి, కనుబొమ్మలకి రెండు వేళ్ల పైన ఉండేట్టు పెట్టుకోవాలి, వెనక్కి టోపీలా తోసుకుంటే పెట్టుకోనట్టే.

ఇవన్నీ ప్రాక్టీస్ చెయ్యడానికి ఊళ్లో మంచి చోటు 2023 అక్టోబర్‌లో వచ్చింది, ఓఆర్ఆర్ పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్, పైన సోలార్ ప్యానెళ్ల కప్పు, ఒక ముక్క నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా, ఇంకోటి నార్సింగి నుంచి కొల్లూరు దాకా. ఎండ పడదు, బస్సుల్లేవు, గేర్లు మార్చుకుంటూ నిమిషానికి ఎన్ని చుట్లు తొక్కుతున్నామో లెక్కపెట్టుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి. చిక్కల్లా అక్కడిదాకా చేరడమే, చాలామంది సైకిల్‌ని కారుకి కట్టుకుని వెళ్తారు, అదో విచిత్రం. ఆ కారు ర్యాక్ మీద కట్టేటప్పుడు కూడా డీరెయిలర్ పక్క బయటికి ఉండాలి, గొలుసుని ముందే వెనక అన్నిటికన్నా పెద్ద చక్రం మీదికి ఎక్కిస్తే డీరెయిలర్ లోపలికి జరుగుతది, గుంతల్లో దేనికీ తగలదు.

సెల్లార్‌లో రెండేళ్లు పడున్న సైకిల్ని బయటికి తీయాలంటే మాత్రం గాలి కొట్టి ఎక్కెయ్యకూడదు. టైరు పక్క గోడల మీద సన్నటి పగుళ్లు ఉంటే గాలి పట్టినా నమ్మకూడదు, మార్చెయ్యాలి. బ్రేకు కేబుల్ తీగ ఎక్కడైనా ఒక్క పోగు తెగి బయటికొచ్చిందా చూడాలి. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్ని ముందుకి వెనక్కి ఊపితే హ్యాండిల్ దగ్గర టకటకమంటే అక్కడ వదులైంది. చక్రం పైకెత్తి తిప్పి, రిమ్ము బ్రేకు రబ్బరు దగ్గర అటూ ఇటూ ఊగుతుంటే బెండు తీయించాలి, అది మాత్రం పాత సైకిల్ షాపు ముసలాయన చేసినట్టు కొత్త షోరూముల్లో చెయ్యరు, చువ్వని వేలితో మీటి శబ్దం బట్టి బిగుతు చెప్పేస్తారు ఆ పెద్దాయనలు. ఓవరాయిలింగ్‌కి ఇచ్చేటప్పుడు బేరింగుల్లో పాత గోళీల బదులు కొత్తవి వెయ్యమని, గ్రీజు లోపల మాత్రమే పెట్టి గొలుసుకి పెట్టొద్దని ముందే చెప్పాలి, చెప్పకపోతే ప్రేమగా దానికి కూడా పూసి ఇస్తారు.